ఫిల్బర్న్ గోధుమ చేను

డేటన్, ఒహాయో

నాన్నా,

ఆదివారం ఫోన్లో పొగాకు కోటా మాట రాగానే "నా చేలో నేనెంత వేసుకోవాలో వాళ్ళెవరు చెప్పడానికి?" అని లేచావు కదా. ఎనభై ఏళ్ళ కిందట ఇక్కడో రైతు ఇదే మాట పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆయనదీ మేముండే మాంట్‌గోమరీ కౌంటీయే.

పేరు రాస్కో ఫిల్బర్న్. పాడి, కోళ్ళు, కొంచెం గోధుమ. ధర పడిపోకుండా ఎవరెంత గోధుమ వేయాలో కోటా పెట్టే 1938 నాటి చట్టం కింద 1941 పంటకి ఆయనకిచ్చింది 11.1 ఎకరాలు. ఆయన వేసింది 23. ఎక్కువ పండింది 239 బుషెళ్ళు, అంటే మన లెక్కలో 65 క్వింటాళ్ళు. బుషెల్‌కి 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల చిల్లర జరిమానా పడింది. ఇంట్లో పిండికీ పశువులకీ వాడుకునే గింజతో ప్రభుత్వానికేం పని అన్నాడాయన. రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారం మీదే కదా కేంద్రానికి అధికారం!

1942 నవంబరులో కోర్టు ఏకగ్రీవంగా కాదంది. ఇంట్లో పండించుకున్నవాడు బజారులో కొనడు. ఒక్కడి వల్ల ఏమీ కాదు గానీ, అందరూ అదే పని చేస్తే ధర కూలుతుంది, రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద ఆ దెబ్బ పడుతుంది అని జడ్జి జాక్సన్ రాశారు.

ఆఫీసులో ఒకతనికి ఈ తీర్పు పేరెత్తితే చాలు, అన్నం కూడా సరిగ్గా తినడు. "ఇంకేం మిగిలింది స్వేచ్ఛ?" అంటాడు. విన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. కానీ ధర సంగతి మాత్రం దాటేస్తాడు. 1941లో బయటి దేశాల మార్కెట్లో బుషెల్ 40 సెంట్లుంటే, కోటా ఉండబట్టి, దాన్ని పాటించిన ఇక్కడి రైతుకి సుమారు 1.16 డాలర్లు వచ్చింది. ఫిల్బర్న్ కూడా తన కోటా గింజని బయటి ధర కంటే ఎక్కువకే అమ్ముకోగలిగేవాడు. పైగా ఆ ఏడు కోటా కావాలా అని ఓటు పెడితే, వేసిన రైతుల్లో నూటికి 81 మంది కావాలన్నారు.

ఒక్క దగ్గర మాత్రం నేను ఆయన వైపే. విత్తేనాటికి జరిమానా 15 సెంట్లే. పైరు ఏపుగా ఎదిగాక, మే నెలలో, దాన్ని 49 చేశారు. కింది కోర్టు ఇది అన్యాయమంటే పైకోర్టు ఒప్పుకోలేదు. గింజ నేలలో పడ్డాక రైతు ఏం చేయగలడు, దున్నేయాలా?

ఇంతకీ ఈసారి పొగాకు కాల్చే మన బ్యారన్‌కి కోటా ఎంత ఇచ్చారు? దానికి మించి నారు తెచ్చావని తమ్ముడు అన్నాడు. నేను చెప్పానని వాణ్ణి కేకలెయ్యకు. అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ
పెద్దోడు