చిరంజీవి రఘుకు, స్టార్క్‌విల్ కబురు తెలిశాక

రాజమహేంద్రవరం,
26 మే 2024.

చిరంజీవి రఘుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నిన్ననే రోహిణి కార్తె వచ్చింది. పదింటికల్లా వీధి తలుపు వేసేసుకుంటున్నాం. మీ అమ్మ మూడోనాడు ఆవకాయ తిరగకలిపి జాడీకి వాసెన కట్టింది. నిరుటికంటే ఒక జాడీ ఎక్కువే పెట్టింది. ఎవరికోసమని నేను అడగలేదు.

అమెరికాలో మీ స్టార్క్‌విల్ కబురు నీకు తెలిసే ఉంటుంది. మన హామ్‌లకు, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లకు, పరికరాలు చేసే ఎంఎఫ్‌జె వాళ్లు ఈ నెల 17న అక్కడ తయారీ ఆపేశారు. అమెరిట్రాన్, హైగెయిన్, కుష్‌క్రాఫ్ట్, మిరాజ్, వెక్ట్రానిక్స్ కూడా వాళ్లవే కాబట్టి అన్నిటికీ అదే రోజు. ఒహాయోలోని జీనియాలో హామ్‌ల పెద్ద తిరునాళ్లు మొదలైన రోజు కూడా అదే. ఏప్రిల్ 25న సంస్థ పెట్టిన మార్టిన్ జూ గారు స్వయంగా ప్రకటన రాశారు. నేను నాలుగుసార్లు చదివాను. తనకు ఈ ఏడాది 80 ఏళ్లు వచ్చాయనీ, కోవిడ్ కొట్టిన దెబ్బ నుంచి సంస్థ పూర్తిగా కోలుకోలేదనీ, ఇక మిగిలిన కాలం ఇంటివాళ్లతో గడపాలని ఉందనీ రాశారు. 52 ఏళ్లు నడిపిన సంస్థ. కొన్నవాళ్లకు నేరుగా, దాపరికం లేకుండా చెప్పేశారు. ఉన్న సరుకు అమ్ముతారు, మరమ్మతులు ఇంకా కొంతకాలం చేస్తారు. కాబట్టి రేడియోకూ యాంటెన్నాకూ పొత్తు కుదిర్చే మన 949ఇ ట్యూనర్ గురించి నాకు బెంగ లేదు.

పాప చెవినొప్పి తగ్గిందా? లలిత ఫోనులో పాపను చూపించింది గాని, నీ గురించి అడిగేసరికి సిగ్నల్ సరిగా లేదని పెట్టేసింది. ఎదురుగా బొమ్మ స్పష్టంగానే కనిపిస్తోంది.

నీకు అమెరికాలో సీట్లు వచ్చినప్పుడు నేను మిసిసిపీ స్టేట్ అనే పట్టుబట్టాను, గుర్తుందా? ఫీజు తక్కువని అందరికీ చెప్పాను. అది ఒక్కటే కాదు. మార్టిన్ జూ చదువుకున్న విశ్వవిద్యాలయం అది. అది ఉన్న స్టార్క్‌విల్‌లోనే 1972లో ఒక హోటల్ గది అద్దెకు తీసుకొని, మోర్స్ సంకేతాలను రొద నుంచి వేరుచేసి వినిపించే చిన్న ఫిల్టర్ కిట్‌తో ఆయన మొదలుపెట్టారు. తన పేరులోని మూడు అక్షరాలే సంస్థ పేరు. రేడియోలో కె5ఎఫ్‌ఎల్‌యు అనే గుర్తింపు పేరు, అదే కాల్ సైన్, ఉన్న హామ్ తోటి హామ్‌ల కోసం చేసిన వస్తువులు అవి. అలాంటి ఊళ్లో మా అబ్బాయి చదువుకుంటున్నాడని భాస్కరం మామయ్యతో ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

2011లో మొదటిసారి ఇంటికి వస్తూ ఆ ట్యూనర్‌ను రెండు తువ్వాళ్లలో చుట్టి తెచ్చావు. నీ బట్టలు మాత్రం చేతిసంచిలో కుక్కుకున్నావు. ఇప్పటికీ అది నా బల్ల మీదే ఉంది. ఒకే మీటరులో రెండు సూదులు. ఒకటి యాంటెన్నాకు వెళ్లే శక్తి, ఇంకొకటి తిరిగివచ్చే శక్తి. మధ్య గుండీ ఒక్కొక్క అక్షరం తిప్పి, అటూ ఇటూ ఉన్న రెండూ సవరిస్తూ పోతే, తిరిగివచ్చే సూది మెల్లగా కిందికి పడుకుంటుంది. ఆ సూది పడుకునేదాకా నువ్వు ఊపిరి బిగపట్టేవాడివి.

పోయిన వారం తణుకులో పద్మ కూతురి పెళ్లికి వెళ్లాం. వెంకట్రావు గారి అల్లుడు కలిశాడు, అతనూ డాలస్‌లోనే కదా. భోజనాల దగ్గర, "రఘు వాళ్ల ఆఫీసులో చాలామందిని తీసేశారటండీ" అన్నాడు. మీ అమ్మ వినలేదు. పెళ్లిళ్లలో నలుగురూ నాలుగు అనుకుంటారు, అన్నిటికీ చెవి ఒగ్గనక్కర లేదు. పెళ్లి బాగా చేశారు. ఓట్లు అంతకుముందే వేశాం, వచ్చే నెల నాలుగో తేదీన లెక్కింపు.

నిన్న రాత్రి ట్యూనర్ తుడుస్తుంటే 96 తుఫాను గుర్తుకొచ్చింది. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడింది. మూడోనాడు నేనూ మామయ్యా రేడియో సెట్టు, లారీ బ్యాటరీ, రాగి తీగ చుట్ట పట్టుకొని బయల్దేరాం. ముమ్మిడివరం దాటాక రోడ్డుకు అడ్డంగా కొబ్బరిచెట్లు. బ్యాటరీని కర్రకు కట్టి ఇద్దరం భుజాల మీద మోశాం. కోనసీమలో తీగ కట్టడానికి నిలబడి ఉన్న చెట్టు కోసం వెతుక్కున్నాం, రఘూ. చివరికి బడి కప్పు నుంచి ఒక మొండి మోడుకు కట్టాం. రావలసిన ఎత్తులో సగం కూడా రాలేదు. అప్పటికి మనకున్నది ఇంట్లో చేసుకున్న ట్యూనరే. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న పాత గ్యాంగ్ కండెన్సర్లు, పీవీసీ గొట్టానికి చుట్టిన తీగ. కండెన్సర్ రేకుల మధ్య తడి చేరి చిటపటమంటుంటే మామయ్య పంచె కొన మెలిపెట్టి ఒక్కొక్క సందూ తుడిచాడు. 7 మెగాహెర్ట్జ్ మీద పిలవడం, చివర డా-డి-డా అని "కె" కొట్టి వదలడం, వినడం. ఇక నీ వంతు, చెప్పు అని దానికి అర్థం. మళ్లీ పిలవడం, మళ్లీ "కె". నలభై నిమిషాలు హోరు తప్ప ఏమీ లేదు. ఎవరైనా వింటున్నారో లేదో తెలియకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఆ తరువాత హైదరాబాదు నుంచి ఒక మిత్రుడు సన్నగా పలికాడు.

బడి ముందు జనం బారులు తీరారు. ఒక పెద్దాయన వచ్చి హైదరాబాదులో ఉన్న కొడుక్కి రెండే మాటలు పంపమన్నాడు. "అందరం క్షేమం. నువ్వు రావద్దు." ఆయన ఇల్లు కూలింది. పాడిగేదె చచ్చిపోయింది. చేతికి చీర పేలికతో కట్టు కట్టి ఉంది. "ఇల్లు పోయిందని రాయమంటారా?" అని అడిగాను. "వద్దు బాబూ, వాడు కంగారుపడతాడు" అన్నాడు. సరే, ఆయన చెప్పినట్టే పంపాను. మూడు రోజులకు ఆ అబ్బాయి మోకాలి లోతు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. రావద్దన్నారు కదా అంటే, "మా నాన్న ఎప్పుడూ ఆ మాట అనలేదండీ. అది చూడగానే ఏదో అయిందని తెలిసిపోయింది" అన్నాడు.

మార్చిలో నువ్వు పంపిన సందేశం నా ఫోనులో ఉంది. "బాగున్నాం నాన్నా, పని ఎక్కువగా ఉంది, ఈ వేసవికి మీరు రావద్దు." ఆ తరువాత తొమ్మిది ఆదివారాలు గడిచాయి.

ఉద్యోగం పోతే అక్కడ ఉండడానికి 60 రోజులే గడువని చిన్నక్క చెప్పింది. వైద్య బీమా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుందట. అదే నిజమైతే పాప మందుల దగ్గర మాత్రం చూసి చూసి ఖర్చుపెట్టవద్దు. క్రెడిట్ కార్డు మీద ఇల్లు నడపవద్దు. ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకోమని నీ పెళ్లప్పుడే చెప్పాను. రెండో కారు కొన్నప్పుడూ చెప్పాను, నువ్వు వినలేదు. సంపాదించే రోజుల్లోనే... సరే, పాఠం చెప్పడానికి కూర్చోలేదు. నా పింఛను మా ఇద్దరికీ సరిపోను మిగులుతోంది. మేడమీద గదికి సున్నం వేయించాను, కిటికీకి దోమల తెర కొట్టించాను. నువ్వు వచ్చినా రాకపోయినా ఎలాగూ వేయించవలసిందే. నీ దగ్గు ఎలా ఉంది? రాత్రిళ్లు ఏసీ గాలి నేరుగా తగిలేలా పడుకోకు. భోజనం మానకు. లలిత మీద విసుక్కోకు.

ఈ కాగితాన్ని చిన్నక్క ఫొటో తీసి పంపుతుంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి నేను ఫోను పక్కనే ఉంటాను. మీకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మీ అమ్మ అప్పటికి గుడికి వెళ్లి ఉంటుంది, మనిద్దరమే మాట్లాడుకోవచ్చు.

హామ్‌లు సెలవు తీసుకుంటూ చెప్పే 73 కింద రాయడం లేదు.

ఇట్లు,
నాన్న.

కె.