జార్జ్ ఇన్‌ని వెనకాల పెరట్లోంచి కూడా చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మన పేపర్లలో ఇంగ్లాండ్ పాత కట్టడాల గురించి ఎప్పుడు రాసినా అక్కడ ఎవరు దిగారు, ఏం తిన్నారు అన్నదే ఉంటుంది, ఎలా కట్టారో రెండు ముక్కలు కూడా ఉండవు, చాలా ఏళ్ళు సైట్ సూపర్‌వైజర్‌గా చేసినవాణ్ణి కాబట్టి నాకు అది నిజంగా బాధ.

పోయినేడు మా అమ్మాయి దగ్గరికెళ్ళినప్పుడు ఇంగ్లాండ్‌లో బాత్ అనే నగరానికి దక్షిణాన నార్టన్ సెయింట్ ఫిలిప్ అనే పల్లెలో జార్జ్ ఇన్ చూశాను. 14వ శతాబ్దంలో మొదలైన సత్రం అది, దగ్గర్లోనే ఉన్న హింటన్ క్రైస్తవ మఠం వాళ్ళది. ఉన్ని, బట్టల సంతకొచ్చే వ్యాపారులు దిగడానికీ సరుకు దాచుకోడానికీ వాడారట.

కింద అంతస్తు మొత్తం రాయి. పై రెండూ 15వ శతాబ్దంలో చేసిన కర్రపని, ఒక్కో అంతస్తు కిందదానికంటే రోడ్డు మీదకి ముందుకొచ్చి ఉంటుంది. అందం కోసం అలా చేశారనుకుంటాం గానీ కింద నిలబడి తలెత్తి చూడండి, దూలాల చివర్లు గోడ దాటి బయటికొచ్చి ఉంటాయి, పైగోడ బరువంతా ఆ చివర మీద పడుతుంది కాబట్టి లోపల గది మధ్యలో అదే దూలం కిందకి వంగకుండా కాస్త పైకి పట్టినట్టవుతుంది, బాల్కనీ స్లాబ్ వేసిన ఏ మేస్త్రికైనా ఇది ఇట్టే తెలిసిపోతుంది. లెక్కలు కట్టే ఇంజినీర్లు లేని రోజుల్లో వడ్రంగులు చేతి అనుభవంతో చేసిన పని అండీ ఇది, నాకైతే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

1668లో ఆ కాలం డైరీ రాసి పేరు తెచ్చుకున్న ఇంగ్లీషాయన శామ్యూల్ పెపిస్ ఈ ఊళ్ళో పది షిల్లింగులకి బాగా భోంచేశానని డైరీలో రాసుకున్నాడు, 1685లో రాజు మీద తిరగబడ్డ మన్మత్ డ్యూక్ సైన్యంతో సహా ఇక్కడ ఆగాడు, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరూ రాయనిది వెనకాల పెరడు. ఆ పెరటి వైపు పై గదుల ముందు కర్ర వరండా ఉంది, నేనైతే అక్కడే అరగంట ఉండిపోయాను, మా అమ్మాయి వచ్చి పిలిచేదాకా కదల్లేదు.

ఇది గ్రేడ్ వన్ కట్టడం, అంటే అక్కడి రక్షిత కట్టడాల్లో అన్నిటికంటే పై తరగతిది, పర్మిషన్ లేకుండా దాని రూపం మార్చడానికి లేదు, అయినా మూసిపెట్టి మ్యూజియం చెయ్యలేదు, ఇవాళ్టికీ అక్కడ భోజనం పెడతారు, గదులిస్తారు.

పిల్లల దగ్గరికి యూకే వెళ్ళే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. లండన్ చూశాక ఒకరోజు ఇటు కూడా రండి, ముందువైపు ఫోటో ఒక్కటి తీసుకుని వెళ్ళిపోకండి, పెరట్లోకి నడవండి. మీ పేజీలో దీని కర్రపని మీద ఒక మంచి బొమ్మ వేయిస్తే మన పాలిటెక్నిక్ పిల్లలు కూడా చూస్తారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రాజమండ్రి