బెంగళూరు బస్సు వదులుకున్న తమ్ముడికి

మూడు రోజులుగా సరైన నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా కాలేజీ సర్వర్ సమస్య తీర్చిన ఆ అబ్బాయి పేరు కూడా నాకు తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నా, ఎవరి ద్వారానైనా అతనికి చేరుతుందేమోనని.

అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటాను. ఆఫీసు, లైబ్రరీ, ల్యాబు అన్నీ ఒకే లినక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లను ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ద్వారా ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) మీద వాడుకుంటాయి. సోమవారం ఈ ఏడాది ఫీజుల ఫోల్డర్ కొత్తగా తెరిచాం, రశీదు సేవ్ చేయబోతే 'పర్మిషన్ డినైడ్'. అది కూడా అందరికీ కాదు. మొన్న చేరిన అమ్మాయికి సేవ్ అవుతోంది, ఇరవై ఏళ్లుగా క్యాష్ కౌంటర్‌లో ఉన్న మేడమ్‌కి అవట్లేదు. పెద్దావిడ, ఏదో తప్పు నొక్కుతోందని అందరూ అనుకున్నారు. ఒక పూట నేనూ అలాగే అనుకున్నా, నిన్న ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను.

డిస్క్ సగం ఖాళీ. ఐనోడ్లు, అంటే డిస్క్‌లో ఒక్కో ఫైలుకీ కావాల్సిన నమోదు స్థానాలు, అయిపోలేదు. ఎక్స్‌పోర్ట్‌లో (సర్వర్ ఫోల్డర్లను పంచే సెట్టింగులో) ఆర్‌డబ్ల్యూ, అంటే చదవడానికీ రాయడానికీ అనుమతి, ఉంది, యూఐడీలు (యూజర్ నంబర్లు) రెండు వైపులా ఒకటే. సర్వర్ మీదే మేడమ్ లాగిన్‌తో రాస్తే హాయిగా రాస్తోంది, కౌంటర్ నుంచి రాస్తే మొండికేస్తోంది. మెయింటెనెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే అగ్రిమెంట్ అయిపోయింది, ముందు డబ్బు కట్టమన్నారు, పైగా ఉచిత సలహాగా ఫోల్డర్‌కి 777, అంటే ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అనే అనుమతి, ఇచ్చేయమన్నారు. డబ్బుల రశీదులుండే ఫోల్డర్‌కి! ఆ అగ్రిమెంట్ ఫైలు ఏడాదిగా ఎవరి టేబుల్ మీద పడి ఉందో నాకు తెలుసు, రాయను. ఒక్కటి మాత్రం రాస్తా: పనిచేయనిది మా సర్వర్, ఆఖరు తేదీ దాటిందని ఫైను వేసింది పిల్లలకు.

బుధవారం సాయంత్రం క్యూలో వాళ్లు తిడుతుంటే తల వంచుకుని కూర్చున్నా. చెల్లెలి ఫీజు కట్టడానికొచ్చిన ఒకబ్బాయి కిటికీ దగ్గరికొచ్చి "అన్నా, ఎర్రర్ ఏమొస్తాంది?" అన్నాడు. మూడు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. మిగతా అందరూ ఎప్పుడవుతుందనే అడిగారు. లోపలికి పిలిస్తే స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు, కీబోర్డు మాత్రం ముట్టుకోలేదు, అంతా నాతోనే టైప్ చేయించాడు. కౌంటర్ సిస్టమ్‌లో మేడమ్ లాగిన్‌తో 'ఐడీ' కమాండ్ కొట్టమని, "లెక్కపెట్టన్నా, ఎన్ని గ్రూపులుండాయో" అన్నాడు. పందొమ్మిది. ఏ ఫోల్డర్‌లో ఎవరు రాయొచ్చో లినక్స్ ఈ గ్రూపులను బట్టి కూడా చూస్తుంది.

మామూలు ఆథ్‌సిస్ పద్ధతిలో (యూజర్, గ్రూపు నంబర్లే గుర్తింపుగా పంపే పద్ధతి) ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింటు, అంటే ఇక్కడ కౌంటర్ సిస్టమ్, ఒక మనిషి వెంట పదహారు గ్రూపుల వరకే పంపుతుందట. మిగతావి చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. ఏటా ఫీజులకు కొత్త గ్రూపు పెట్టి, పాతవి తీయకుండా మేడమ్‌ని అందులో చేర్చుకుంటూ వచ్చింది నేనే. ఈ ఏటిది చివర్లో ఉంది, అదే తెగిపోయింది. కొత్తమ్మాయికి ఉన్నవి రెండే గ్రూపులు, ఇంకేం సమస్య! సర్వర్‌లో మౌంట్‌డీ అనే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోగ్రామ్‌కి 'మేనేజ్-జిడ్స్' అనే ఆప్షన్ పెట్టించాడు, అది పెడితే క్లయింటు పంపిన జాబితాతో పనిలేకుండా సర్వరే గ్రూపులు చూసుకుంటుంది. రీస్టార్ట్ చేశాం. మేడమ్ ఎంటర్ నొక్కింది, రశీదు పడింది.

"ఇంత చిన్నదానికి మూడు రోజులు కొట్టుకున్నా తమ్ముడూ" అన్నాను సిగ్గుపడుతూ, మా ఆఫీసు వాళ్లంతా వింటున్నారు. "నాకు పదకొండు రోజులు పట్టిందన్నా, ఉద్యోగం పోతాదనుకుంటి" అన్నాడు అందరికీ వినపడేలా. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ప్రింటర్ వైపు తిరిగి కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. అప్పటికే అతని ఏడు గంటల బెంగళూరు బస్సు వెళ్లిపోయింది. అన్ని కౌంటర్లూ సరిచూసేదాకా లేవలేదు. చెల్లెలి రశీదు ముందు తీసిస్తానంటే వద్దని మళ్లీ పోయి లైన్లో నిలబడ్డాడు.

ఇంట్లో వాళ్లకు థాంక్స్, క్యారియర్లు పంపారు, ఫోన్ ఎత్తకపోయినా ఏమీ అనలేదు.

అయ్యో, ల్యాబ్ అసిస్టెంట్‌ని మర్చిపోయా, ప్రతి సిస్టమ్ దగ్గరికీ వెళ్లి టెస్ట్ ఫైలు రాసి చూసింది తనే. క్యాంటీన్ అన్న రాత్రి తొమ్మిదికి అందరికీ ఉగ్గాని చేసి తెచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఇంకా మా వాచ్‌మన్, ఆ అబ్బాయిని తన బండి మీద బస్టాండులో దింపి, పదిన్నర బస్సు ఎక్కించి వచ్చాడు. పేరు అడిగావా అన్నా అంటే, "మీరు అడిగింటారనుకుంటి సార్" అన్నాడు.