కాఫీ బై-టూ చెప్పు నాన్నా

నాన్నా,

ఎలా ఉన్నావని అడగనులే, అమ్మ మొన్న ఫోన్లో అంతా చెప్పేసింది. పేపర్ అబ్బాయి మీద అరిచావంట, సాంబార్లో ఉప్పెక్కువైందని కంచం తోసేశావంట, రాత్రి రెండింటికి లేచి హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నావంట. నువ్వు సిగరెట్టు మానేసిన దగ్గర్నుంచీ ఇదే వరసంట. "సిగరెట్లు తాగేటప్పుడే నయం, ఇంట్లో కాస్త మనశ్శాంతి ఉండేది" అంది. పెళ్లయినప్పట్నుంచీ నీ షర్టు జేబులు వెతికి పడేసిన మనిషి నోట ఆ మాట వచ్చిందంటే చూసుకో. ఫోన్లో చెప్దామంటే "సరే సరే" అని అమ్మకిచ్చేస్తావు, అందుకే రాస్తున్నా, అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదువు.

ముందు సిగరెట్టు బదులు నమలమన్న ఆ నికోటిన్ గమ్ము సంగతి. రెండు తిన్నావంట, గొంతు మండి ఎక్కిళ్ళు పట్టుకున్నాయంట, నాకిది పడదు అని ఫ్రిజ్ మీద పడేశావంట. పడకపోవడం కాదు నాన్నా, నువ్వు దాన్ని తాంబూలం నమిలినట్టు నమిలావు! అందులో నికోటిన్ చెంప లోపల్నుంచి ఒంట్లోకి ఎక్కాలి, గబగబా నమిలితే ఉమ్ముతో పాటు కడుపులోకి పోతుంది, అక్కడ మంట తప్ప ఏం రాదు. మెల్లగా నాలుగైదు సార్లు నములు, నాలుక మీద మిరియం ఘాటు తగలగానే ఆపేసి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టేసెయ్, ఘాటు తగ్గితే మళ్ళీ కొంచెం నములు, మళ్ళీ పెట్టు, అట్లా ఒక్కటి అరగంట రావాలి. మొదట్లో లాగినప్పుడు చూద్దాంలే అనుకోకుండా గంటకో రెండు గంటలకో ఒకటి వేసుకో. ఇంకోటి, గమ్ము వేసుకునే ముందు పావుగంటా, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ వద్దు, నోరు పులుపెక్కితే మందు లోపలికి ఎక్కదు.

కాఫీ అన్నా కదా, అసలు నేను చెప్పాలనుకున్నది అదే. నీ చిరాకంతా సిగరెట్టు మానినందుకే కాదు, కొంత కాఫీది కూడా. నిజం, మా ఫార్మసీలో రోజూ చెప్పే మాటే ఇది. సిగరెట్టు పొగలో ఉండే కొన్ని పదార్థాల వల్ల లివర్ కెఫీన్ని తొందర తొందరగా కరిగించేస్తుంది (నికోటిన్ వల్ల కాదు, పొగ వల్ల, అందుకే గమ్ము తిన్నా ఆ పని జరగదు). పొగ ఆగిపోయిన కొద్దిరోజులకి లివర్ మామూలు స్పీడుకి వచ్చేస్తుంది, నువ్వు మాత్రం పాత లెక్కలోనే పొద్దున్న ఇంట్లో ఒకటి, వాకింగ్ తర్వాత ఒకటి, పదకొండింటికి ఒకటి, సాయంత్రం అమ్మ డికాషన్‌తో ఒకటి లాగిస్తున్నావు, కానీ రక్తంలో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు దాకా పోతుంది. ఇంక గుండె దడ, చేతులు వణుకు, నిద్ర లేకపోవడం, పేపర్ అబ్బాయి మీద అరవడం, అన్నీ వస్తాయి, వచ్చాక "సిగరెట్టు లేకపోతే నేను మనిషిని కాను" అనుకుంటావు. మానెయ్యమనట్లేదు, నువ్వు మానవు కూడా. లాల్‌బాగ్ నుంచి వచ్చేటప్పుడు ఆ దర్శిని హోటల్లో ఫుల్ చెప్పకుండా, ఒక్క కాఫీ మీ ఫ్రెండూ నువ్వూ చెరి సగం పంచుకునేలా బై-టూ చెప్పు, బెంగళూరులో అంత సుఖం ఇంకెక్కడుంది. సాయంత్రంది పూర్తిగా ఆపెయ్.

అసలు గండం ఆ దర్శిని పక్కన ఉన్న సిగరెట్ల అంగడి కదా. తాడుకి వేలాడే ఆ లైటరు చూస్తే చాలు, చెయ్యి దానంతట అదే పోతుందని నువ్వే చెప్పావు ఒకసారి. కొన్నాళ్ళు వేరే గేటు నుంచి బయటికి రా, ఆ బై-టూ కూడా అక్కడ కాకుండా ఇంటి దగ్గర ఎక్కడైనా తాగు. అయినా ప్రాణం లాగితే అది ఐదు నిమిషాలే, మహా అయితే పది, తాగినా తాగకపోయినా దానంతట అదే తగ్గుతుంది. అప్పుడు అక్కడ నిలబడొద్దు, నడువు, చల్లటి నీళ్ళు తాగు, జేబులో సోంపు పెట్టుకో, లేదంటే నాకు ఫోన్ చెయ్, మీకు పొద్దున్నైతే మాకు ముందురోజు సాయంత్రం, మెలకువగానే ఉంటా. మొదటి వారం ఘోరంగా ఉంటుంది, మూడు నాలుగు వారాలకి చాలామటుకు సర్దుకుంటుంది. "ఒక్క దమ్మే కదా" అనే మీ వాకింగ్ బ్యాచ్ పెద్దమనిషికి మాత్రం దూరంగా ఉండు, ఆయనకి నువ్వు మానేస్తే తోడు పోతుందని బాధ.

ఇక్కడ కెనడాలో 2023 నుంచి ఒక్కో సిగరెట్టు మీదే హెచ్చరిక రాయాలని రూలు, ప్రతి దమ్ములోనూ విషం అని ఇంగ్లీషులో ఫ్రెంచిలో అచ్చేసి అమ్ముతారు. అయినా మైనస్ పదిహేనులో మా షాపు బయట నిలబడి, గ్లవ్స్ తీసేసి వణుక్కుంటూ కాలుస్తారు జనం. చదివి మానేసేదైతే మన ప్యాకెట్ మీద 85 శాతం ఆ బొమ్మా, హెచ్చరికే కదా, నువ్వు ఎప్పుడో మానేసేవాడివి. నీకు బుద్ధి లేకా కాదు, భయం లేకా కాదు, అందుకే నిన్ను తిట్టను.

నీ ఆయాసం మాత్రలు డెరిఫిలిన్ రకం అయితే, మానేసిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు, కాఫీకి జరిగిందే వాటికీ జరుగుతుంది, డోసు తగ్గించాల్సి రావచ్చు. నీ అంతట నువ్వు తగ్గించకు. పాత ప్యాకెట్ ఎక్కడైనా దాచి ఉంటావు, నాకు తెలుసు, పారేసే ముందు దాని మీద ఉన్న 1800-11-2356 రాసుకో, సిగరెట్టు మానేవాళ్ళకి సాయం చేసే ఫోన్ నంబరు అది, డబ్బులేం పడవు. బెంగళూరులో ఆ ఫోన్లు చూసేది నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రి వాళ్ళు, లాల్‌బాగ్‌కి దగ్గరే కదా. నా మాట వినకపోయినా వాళ్ళ మాట విను.

అమ్మకి కూడా చెప్పు, కంచం తోసినందుకు నా తరఫున కూడా తిట్టమని. చిన్నోడితో చెప్పి 2 ఎంజీ గమ్ము ఇంకో రెండు షీట్లు తెప్పించుకో. పొద్దున లేచిన అరగంటలోపే వెలిగించేవాడివి కాబట్టి 4 ఎంజీ కావాల్సి రావచ్చు, అది డాక్టరుని అడిగాకే. ఆదివారం ఫోన్ చేస్తా, ఎన్ని గమ్ములయ్యాయో, ఎన్ని కాఫీలయ్యాయో రెండూ అడుగుతా, లెక్క నువ్వే చెప్పు, అమ్మకి ఫోన్ ఇవ్వొద్దు.

నీ పెద్దమ్మాయి
మిసిసాగా నుంచి