ఎప్పటిదాకా ప్రిపరేషన్?

సంపాదకులు గారికి,

డిగ్రీ అయిపోయి మూడేళ్లు దాటిన పిల్లలను 'ఏం చేస్తున్నవ్' అని అడిగితే 'ప్రిపేర్ అవుతున్న' అంటారు, అంటే సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతున్నారని. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అదే ఒక కొలువు పేరైపోయింది. తప్పుపట్టడం లేదు. ఎప్పటిదాకా అన్న రెండో ముక్క ఆ జవాబులో లేదు, మా బెంగ అదే.

ఆలస్యం అంతా పిల్లలది కాదు. తెలంగాణలో 783 గ్రూప్-2 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. నాలుగుసార్లు వాయిదా పడి, పరీక్ష 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. 2022 నాటి 503 గ్రూప్-1 పోస్టుల ప్రిలిమ్స్ (తొలి వడపోత పరీక్ష) రెండుసార్లు రద్దయి, చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు. వినడానికి మేలే గానీ, 'ఇక చాలు' అని చెప్పే గీత కూడా దాంతోపాటే చెరిగిపోయింది.

కేంద్ర పరీక్షల్లో, బ్యాంకు పరీక్షల్లో ఆ వయసు గీత బాగా ముందే ఉంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే, పదో తరగతి చాలే ఎంటీఎస్ పరీక్షలో చాలా పోస్టులకు 25 ఏళ్లు, అదే కమిషన్ పెట్టే ఇంటర్ అర్హత ఉన్న సీహెచ్‌ఎస్‌ఎల్‌కు 27, బ్యాంకు క్లర్కుకు 28, బ్యాంకు ఆఫీసరు (పీవో) కొలువుకు 30. బీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపు. వయసు ముందుగా దాటిపోయే పరీక్షలు ముందు రాయాలన్నది చిన్న లెక్కే. జరుగుతున్నది తిరగేసి: 22 ఏళ్లకు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి గ్రూప్-1 పుస్తకాలు కొంటారు, 28 నిండాక సీహెచ్‌ఎస్‌ఎల్ గుర్తొస్తుంది. ఊళ్లో గ్రూప్-1 అంటే ఉండే గొప్ప వేరు మరి.

మొదలుపెట్టే రోజే అమ్మానాన్నలతో కూర్చుని ఆపే తేదీ, పెట్టే డబ్బు కాగితం మీద రాసుకోవాలి. రూము, మెస్సు, టెస్టులకు నెలకు 10,000 అనుకుంటే రెండేళ్లకు 2,40,000. ఆ రెండేళ్లు 15,000 జీతానికి చేరి ఉంటే వచ్చే 3,60,000 కూడా కలపాలి. ఆరు లక్షలు! ఈ రాని జీతం అంకెను ఏ ఇంట్లోనూ లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే అది జేబులోంచి పోయినట్టు కనపడదు.

ఇక మార్కులు. గ్రూప్-2లో పేపరుకు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. మాక్ టెస్టు (నమూనా పరీక్ష) రాశాక వచ్చిన మార్కు చూసి పక్కన పెట్టేస్తారు, అక్కడే అసలు తప్పు. పోయిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం రాయాలి: అసలు చదవలేదా, చదివి మరిచారా, ప్రశ్న తప్పుగా చూశారా, టైం చాలలేదా. మరిచినవే ఎక్కువైతే కొత్త పుస్తకం దండగ, పాతదే మళ్లీ తిరగెయ్యాలి. తప్పుగా చూసినవి ఎక్కువైతే ఏ కోచింగూ బాగుచెయ్యదు, టైం పెట్టుకుని పేపర్లు రాయడమే మందు. మూడు నెలలపాటు మార్కులు కదలకుంటే పద్ధతి మార్చాలి. ఇంకో మూడు నెలలకూ అంతే ఉంటే, రాసుకున్న ఆపే తేదీని ఇంకా దగ్గరికి తెచ్చుకోవాలి.

పరీక్ష నెగ్గి కూడా కాగితాల దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. రాష్ట్ర కొలువుల్లో స్థానికతకు (లోకల్ కోటాకు) 1 నుంచి 7వ తరగతి లెక్క, అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులు. ముంబయి, పుణె వలసల్లో బళ్లు మారిన పాలమూరు పిల్లలు అక్కడ చదివినట్టు బళ్లు ఇచ్చే కాగితాలు, అంటే బోనఫైడ్లు, ఇప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. చదివిన ప్రైవేటు బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ కేంద్ర పోస్టులకు పనికిరాదు, దాని నమూనా వేరు. ఆర్థికంగా వెనకబడినవాళ్లకిచ్చే ఈడబ్ల్యూఎస్ కాగితం ఏటా కొత్తగా తీసుకోవాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే దిద్దించుకోండి.

పని చేస్తూ చదవడం కుదరదంటారు. పోలేపల్లి, చౌటుప్పల్ ఫార్మా కంపెనీల షిఫ్టుల్లో అది నిజంగానే కష్టం. నైట్ షిఫ్టు వారంలో కొత్త పాఠం ఎక్కదు. ఆ వారం పాతవి తిరగేసి, పగటి షిఫ్టు వారానికి కొత్తవి ఉంచుకుంటే కొంత నడుస్తుంది. చేరేముందు పీఎఫ్ ఉందో లేదో అడగండి. నియామకానికి ముందే డబ్బడిగే కన్సల్టెన్సీ దగ్గర కూర్చోవద్దు.

తల్లిదండ్రులకూ ఒక మాట. 'ఫలానా వాళ్ల కొడుక్కి వచ్చింది' అన్న మాట రోజూ అన్నం దగ్గర వద్దు. ఆడపిల్లకు పెళ్లి గడువు వేరే ఉంటే మధ్యలో కాదు, మొదటి రోజే చెప్పండి. నిద్ర పట్టక, తిండి సయించక పిల్లలు మాట తగ్గిస్తే సర్కారు మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యొచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

జిల్లా గ్రంథాలయాల్లో పొద్దున్నే సీటు కోసం బ్యాగులు పెట్టుకునే పిల్లలకు ఎదురుగా గోడ ఖాళీగానే ఉంటుంది. ఏ పరీక్షకు ఏ వయసు దాకా వీలుందో ఒక పట్టిక ఆ గోడమీద అంటించాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాం. రెండు చార్టులు, ఒక స్కెచ్ పెన్ను చాలు. ఇయ్యాల అడిగితే మేమే రాసిస్తాం.

- డిగ్రీ కాలేజీల్లో ఉద్యోగ మార్గదర్శనం చూసే అధ్యాపకులు కొందరు, నల్లగొండ