152 పెద్దదా, 166 పెద్దదా?

సంపాదకులు గారికి,

గణతంత్రం వచ్చిన కొత్తలో రాజకీయాలు కడిగిన ముత్యంలా ఉండేవనీ, ఫిరాయింపులూ గవర్నర్ల చేతివాటమూ తర్వాత పుట్టిన జబ్బులనీ పోయిన ఆదివారం అనుబంధంలో వేశారు. 1952 మద్రాసు సంగతి మాత్రం ‘రాజాజీ ప్రభుత్వం ఏర్పాటు చేశారు’ అని ఒక్క ముక్కలో దాటేశారు. ఎలా చేశారన్నదే కదా అసలు కథ!

శాసనసభ స్థానాలు 375. మెజారిటీకి 188 కావాలి. కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాయే ఓడిపోయారు. కమ్యూనిస్టులను కలుపుకొని ప్రకాశం పంతులు కట్టిన కూటమి 166 మందిని చూపింది. అదీ చాలదు, నిజమే. అయినా గవర్నర్ శ్రీప్రకాశ ఆ పెద్ద అంకెను పక్కనపెట్టి, అసలు పోటీయే చేయని రాజాజీని పిలిచారు. ఉప ఎన్నికలో నిలబడే శ్రమ కూడా లేకుండా, సాహిత్యం, కళలు, సంఘసేవ వంటి రంగాలవారి కోసం ఉంచిన నామినేటెడ్ స్థానంలో శాసనమండలికి పంపారు. ప్రమాణం ఏప్రిల్ 10న, బలపరీక్ష జులై 3న. ముందు కుర్చీ, తర్వాత లెక్క! ఆరుగురున్న కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్‌కు మంత్రి పదవి దక్కింది. చివరికి 200–151తో గట్టెక్కారు. మూడు నెలల గడువిస్తే బేరాలు కాక భజనలు జరుగుతాయా?

పంతులు గారూ తక్కువ తినలేదు. ఏ కాంగ్రెస్‌ను అడ్డుకోవాలని కూటమి కట్టారో, 1953 అక్టోబరు 1న అదే కాంగ్రెస్ అండతో, తానున్న ప్రజా సోషలిస్టు పార్టీని వదిలేసి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. మీ వ్యాసం ఆయన ‘ఎన్నికల్లో గెలిచి’ అయ్యారంటోంది. ఏ ఎన్నికలండీ? మద్రాసు సభలోని ఆంధ్ర జిల్లాల సభ్యులే కర్నూలు వచ్చి కూర్చున్నారు. మద్యనిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పినా కదలకపోవడంతో 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. ఎన్నికలు జరిగింది 1955లో. ముఖ్యమంత్రి అయ్యింది బెజవాడ గోపాలరెడ్డి.

జయంతులకు దండలు వేసి ఫొటోలు దిగే అధికారులకు పాత సభా చర్చలను జనానికి అందుబాటులో పెట్టే తీరిక ఉండదు, సరే. పత్రికకైనా ఉండొద్దా? ఒకప్పుడు ప్రూఫ్ దిద్దేవాళ్లే ఇలాంటి తేదీలు పట్టుకునేవారు. ఇప్పుడు ఆ బల్లలే ఖాళీ అయినట్టున్నాయి.

సవరణ వేస్తే తప్పు పడిన పేజీలోనే, చదవగలిగే అక్షరాల్లో వేయండి. సంతాప ప్రకటనల కింద కాదు.

– ఒక పాఠకుడు, కర్నూలు