సక్కర్ చేప పెద్దదైపోయిందా? చెరువులో మాత్రం వదలకండి

అందరికీ నమస్కారం. "అక్వేరియంలో పెంచే సక్కర్ చేప పెద్దదైపోయింది, చెరువులో వదిలేయనా?" అని అడుగుతున్నవాళ్లకు: దయచేసి వద్దండీ. షాపులో రెండంగుళాలున్నప్పుడు "అద్దం శుభ్రం చేస్తుంది" అని అంటగడతారు (దాని పెంట ఎవరెత్తుతారో చెప్పరు). అది అడుగున్నర దాకా పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకులో వెనక్కి తిరగడానికే చోటుండదు. కొన్నది మనం, పెరగడం దాని తప్పా?

చెరువులో వదిలితే గట్టున బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఒంటిమీది గట్టి పెంకులకు, ముళ్లకు వలలు చిరుగుతాయి. జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. పెద్ద ట్యాంకున్నవాళ్లకు ఇవ్వండి, లేదా షాపులోనే వెనక్కి తీసుకోమని అడగండి. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ అనే ఇంకో చేప అయితే మూడడుగులు దాటుతుంది, అసలు కొనొద్దు. నాచు తినే చేపే కావాలంటే బ్రిసిల్‌నోజ్ చూడండి, అయిదారంగుళాల దగ్గర ఆగిపోతుంది.